జుబారాలో రోమన్ గోడలు

మా బావగారు, అంటే మావారి అన్నయ్య, రాజమండ్రి నుంచి దోహాలో మా ఇంటికి వచ్చిన మర్నాడే చరిత్రకారుడైపోయారు. అంతకు ముందు ఏడాది యాత్రా బస్సులో రోమ్ చూసొచ్చారు. బస్సు దిగింది తక్కువ, అందులో నిద్రపోయింది ఎక్కువ అని మా తోడికోడలే చెప్పింది. అయినా ఎక్కడ పాత గోడ కనిపించినా ఆయనకు రోమే.

ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం చర్చి అయ్యాక చపాతీలు, కోడికూర కట్టుకుని జుబారా వెళ్ళాం. సముద్రపు ఒడ్డున శిథిలమైపోయిన ముత్యాల వర్తకుల ఊరది. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. స్కూల్లో రోమన్ల పాఠం జరుగుతోందని తెలిసి పెదనాన్న దారి పొడవునా దాన్ని వదల్లేదు.

కారు దిగగానే మోకాలెత్తు గోడ చూపించి, “ఇది రోమన్లు కట్టిందేనమ్మా. మన బైబిల్లో అపొస్తలుణ్ణి గొలుసులతో కట్టేసింది ఇలాంటి గోడలకే,” అన్నారు.

“ఇంత చిన్న గోడైతే దాటి పారిపోవచ్చుగా పెదనాన్నా?”

“పెద్దాళ్ళు చెబుతుంటే వినవేం?” మావారు కసిరారు. అన్నయ్య ఎదుట ఆయన వెన్నెముక మైనమే.

ఇంతలో బావగారు గోడెక్కి, చక్రవర్తిలా చెయ్యెత్తి మావారితో ఫొటో తీయించుకున్నారు. కాపలా అతను ఈలవేస్తూ పరిగెత్తుకొచ్చాడు. “మాఫీ, మాఫీ! నీచే ఉతరో! యల్లా!” కుదరదు, త్వరగా కిందికి దిగమని అరబ్బీ, హిందీ కలిపి కేకలేశాడు. చక్రవర్తిగారు కంగారుగా దిగబోయి ఇసుకలో చతికిలబడ్డారు. లేచి, “రోమ్‌లో టూరిస్టంటే ఎంత మర్యాదో!” అన్నారు.

నవ్వు దాచుకోవడానికి పక్కకు తిరిగితే పిల్ల కనపడలేదు. కాస్త అవతల, నేలంతా సన్నటి కాలవల్లా గాళ్లు తీసిన ఓ గది అంచున గొంతుక్కూర్చుని ఉంది. ఖర్జూరం మూటలు ఇక్కడ పేరిస్తే, కారిన పాకం ఆ గాళ్లలోంచి కుండలోకి చేరేదని బోర్డు మీద రాశారు.

“అమ్మా, గదంతా తియ్యటి వాసనొచ్చేదా?”

“వచ్చే ఉంటుంది. చీమలు కూడా.”

ఇద్దరం చాలాసేపు అక్కడే కూర్చున్నాం. ఆ రోజు ఆ ఊరిని ఊరిగా చూసింది అదొక్కతే.

బావగారు తొంగి చూశారు. “ఖర్జూరం పాకమా? దీనికా ఇంత దూరం!” అని ఏసీ కోసం కారెక్కేశారు.

అల్ సద్‌లో మా ఫ్లాట్‌కి చేరేసరికి ఆయన ఫొటో కుటుంబం గ్రూపులో ఉంది. కింద ‘రోమన్ కోటలో’ అని. దండాలు, పొగడ్తలు. మావారూ బొటనవేలు పెట్టారు. నాకు ఒళ్ళు మండి, “ఇది ముత్యాల వర్తకుల ఊరు. రోమన్ల కోట కాదు,” అని రాశాను.

బావగారు విమానం ఎక్కేదాకా నాతో మాట్లాడలేదు. అన్ని రోజులూ ఇల్లు హాయిగా ఉంది.