పడుకునే సీటు, పులిహోర డబ్బా

నిరుడు మార్చిలో ద్వారకలోని మా ఫ్లాట్ నుంచి మావారూ నేనూ సింగపూర్ చూడటానికి బయలుదేరాం. మోకాళ్లు మడిచి ఆరు గంటలు కూర్చోలేను కనుక, నా టికెట్‌నైనా పడుకునే సీట్లుండే ముందు తరగతికి మార్చుకోవాలని, అందుకు డబ్బులా పనికొచ్చే పాయింట్లను విమాన కంపెనీ సగం ధరకు అమ్మిన రోజున కొన్నాను. లెక్క చూస్తే పద్ధెనిమిది వేల రూపాయలు మిగిలాయి.

విమానాశ్రయంలో కౌంటర్ దగ్గర అమ్మాయి, "ఆంటీ, పాయింట్లు అంకుల్ ఖాతాలో ఉన్నాయి. పడుకునే సీటు ఆయనకే వస్తుంది. మార్చడం కుదరదు" అంది. గ్యాస్ కనెక్షన్ నుంచి కరెంటు మీటరు దాకా అన్నీ ఆయన పేరునే తీసుకునే అలవాటు కొద్దీ ఇవీ అలాగే కొన్నాను!

ఆయన ముందుకు, నేను వెనక్కు వెళ్లాం. భోజనాల వేళకు ఆయన రెండు తరగతుల మధ్య ఉన్న తెర తొలగించుకుని వచ్చి, విమానమంతా వినేలా, "ఏమోయ్, పులిహోర డబ్బా ఏదీ? అక్కడ ఉప్పూ కారం లేని ఆకులు పెడుతున్నారు" అన్నారు. నేను సిగ్గుతో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

"అంకుల్, ఆప్ కీ సీట్ ఆగే హై" అని ఆయన సీటు ముందుందని చెబుతూ ఎయిర్ హోస్టెస్ పరుగెత్తుకొచ్చింది.

"సీట్ ఆగే హై బేటీ, లేకిన్ పులిహోర యహా హై" అని, సీటు అక్కడున్నా పులిహోర ఇక్కడే ఉందని తేల్చేసి, నా పక్కనున్న ఖాళీ సీట్లో కూలబడ్డారు. డబ్బా ఖాళీ చేసి, నా భుజం మీదే గుర్రుపెట్టారు. నా మోకాళ్ల కోసం లెక్కలు కట్టి కొన్న సీటు మాత్రం ఎవరూ పడుకోకుండానే సింగపూర్ చేరింది.

ఇంటికి రాగానే నా పేరున ఖాతా తెరిచాను. అది చూసి మావారు, "అయితే ఈసారి ముందు సీటు నీదన్నమాట. పులిహోర రెండు డబ్బాల్లో సర్దు" అన్నారు.