అవతలి గట్టు పొగ

మా నోంగ్ కోక్‌లో రోడ్డు మా ఇంటి ముందుకొచ్చి ఆగిపోయేది. సిమెంటు అంచు కత్తితో కోసినట్టు తెగి, అక్కడినుంచి తుంగ, గుర్రపుడెక్క, బురద. ఆ తెగిన అంచు మీద ఖంఫన్ రోజూ పొద్దున్నే ఒక కాలు చాపుకుని కూర్చునేవాడు. అతను నా పక్కింటివాడు. మా ఆయన్ని అన్నా అనేవాడు కాబట్టి నన్ను వదినా అనేవాడు. ముప్పై ఏళ్ళు కంచెకి ఇటొకరం అటొకరం నిలబడి పోట్లాడుకున్నాం, కాబట్టి అతని సంగతి రాయడానికి నాకంటే హక్కున్నవాళ్ళు లేరు. నేను నాలుగో తరగతి దాకానే చదివాను. ఉన్నది ఉన్నట్టు రాయడానికి అది చాలు.

అతను చూసేది చిత్తడికి అవతల లేచే పొగని. అవతల ఉన్న ఊరు బాన్ దోన్. అందులో మా వైపు చివరి ఇల్లు అతని అక్క ఒన్‌సాది. అమ్మా నాన్నా ఒకే ఏడాదిలో పోతే, పదకొండేళ్ళ పిల్ల ఈ తమ్ముణ్ణి సాకింది. ఒకే వెదురు బుట్టలో జిగురన్నం పెట్టుకుని ఇద్దరూ తినేవారు. మెత్తటిది తమ్ముడి వైపు తోసి, ఎండిన పెళ్ళలు తను నమిలేది. పెళ్ళయి అవతలికి పోయాక కూడా ఆ బుట్ట పడవలో పెట్టుకుని వచ్చేది. అప్పుడది నీళ్ళున్న చెరువు. తర్వాత ఎగువన ఆనకట్ట కట్టారు, చెరువు చిత్తడయింది. పడవ కదలదు, కాలు పెడితే నడుం దాకా దిగబడుతుంది. చుట్టూ తిరిగితే పద్దెనిమిది కిలోమీటర్లు, బస్సు లేదు, ఖంఫన్‌కి కుడి మోకాలు వంగదు. ఏడాదికి రెండుసార్లు ఎవరి బండి దొరికితే అది ఎక్కి వెళ్ళి, అదే బండిలో తిరిగి వచ్చేసేవాడు.

"పొగ లేచింది వదినా. అన్నం పెట్టినట్టుంది."

"పెడితే నీకేమైనా పంపుతుందా? లే, నా కోళ్ళకి అడ్డం కూర్చున్నావు."

ఇదీ మా రోజువారీ మాట. అప్పటికే ఒన్‌సాకి చూపు తగ్గుతోంది. అది కోసి తీసే పొర కాదు, చూపు ఇంకో రెండేళ్ళో మూడేళ్ళో ఉంటుంది, అంతే, అన్నాడట పెద్దాసుపత్రి డాక్టరు. అందుకని ఖంఫన్‌కి కోరిక ఒక్కటే మిగిలింది. రోడ్డు అవతలికి పడాలి. అక్క కళ్ళల్లో వెలుగుండగానే రోజూ పొద్దున ఆమె ఎదురుగా కూర్చుని ఆ బుట్టలో అన్నం తినాలి.

రోడ్డు వేస్తామని చెప్పనివాళ్ళు లేరు. ఊరు పెరిగింది, రబ్బరు గోదాములొచ్చాయి, బజారు రెండింతలయింది. మూడుసార్లు ఎర్ర రంగు మేకులు పాతారు, మూడుసార్లూ వానాకాలం మింగేసింది. నాలుగోసారి మునిసిపాలిటీ ఇంజినీరు మీటింగు పెట్టి గోడకి పటం తగిలించాడు.

"మొత్తం పద్నాలుగు వందల మీటర్లు. మాకొచ్చిన డబ్బు తొమ్మిది వందలకే సరిపోతుంది," అన్నాడు.

నేను లేచాను. "అంటే చిత్తడి నడుమ దింపేసి పోతారా నాయనా? అక్కడ మేం కప్పలు పట్టుకోవాలా?"

అందరూ నవ్వారు, ఇంజినీరు తప్ప. "నడుమ రెండు కల్వర్టులున్నాయి పెద్దమ్మా. వాటి ఖర్చు ఊరు పెట్టుకుంటే మిగతాది మేం సర్దుతాం, ఈ ఏడే మొదలుపెడతాం. లేదంటే మళ్ళీ పైకి రాయాలి. అది ఎప్పటికొస్తుందో నేను చెప్పలేను."

ఖంఫన్ నా వంక చూశాడు.

"ఫా పా ఎత్తుదాం," అన్నాను.

మా దగ్గర బడికైనా ఆసుపత్రి మంచాలకైనా అదే దారి. వెదురు కొమ్మలకి నోట్లు గుచ్చి డబ్బు చెట్లు కడతాం. డోళ్ళు కొట్టుకుంటూ వాటినీ, భిక్షువులు కట్టుకునే కాషాయ బట్ట చీవరాన్నీ విహారానికి ఊరేగిస్తాం. బాంకాక్‌లో టాక్సీలు తోలే మా ఊరివాళ్ళందరికీ చందా కవర్లు పంపాం. పంపింది నేనే, నాలుక కాస్త పదునుగానే వాడాను. ముప్పై ఏడు చెట్లు లేచాయి, కల్వర్టులకి సరిపోయేంత.

విహారంలో జనం తరఫున సమర్పణ మాటలు పలికేది ఖంఫన్. అతను ముందు అంటాడు, మేం వెనక అంటాం. ముప్పై ఏళ్ళుగా అంతే. విహారం పెద్దస్వామి ముందురోజే పిలిచి చెప్పారు.

"చీవరం ఒక్కటే సమర్పించు ఖంఫన్. చెట్లు పక్కన పెట్టు. అవి రోడ్డువి."

"అలాగే స్వామీ," అన్నాడు.

ఆ రోజు ఎవరో పుణ్యాత్ములు ఒన్‌సాని బండెక్కించి తీసుకొచ్చారు. ముందు వరసలో కూర్చుంది. తమ్ముడు ఏ వైపున్నాడో తెలియక గొంతు కోసం మెడ అటూ ఇటూ తిప్పుతోంది. ఖంఫన్ అది చూశాడు. ఆ తర్వాత అతని నోరు ముప్పై ఏళ్ళ అలవాటున దాని దారిన అది పోయింది. "ఈ చీవరాన్నీ, దీంతోపాటు వచ్చిన సమస్తాన్నీ భిక్షు సంఘానికి సమర్పిస్తున్నాం," అన్నాడు. మేమందరం వెనక అన్నాం. మూడుసార్లు. నేను కూడా గట్టిగానే అన్నాను. పెద్దస్వామి కళ్ళు మూసుకున్నారు.

"సంఘానిదైపోయింది. తిరిగిస్తే నాకు పాపం, పుచ్చుకుంటే మీకు పాపం," అన్నారు జనం వెళ్ళాక.

ఇంజినీరుకి ఇది అర్థం కాలేదు. మీ డబ్బే కదా, అడిగి తెచ్చుకోండి, అన్నాడు. సంఘం సొమ్ము వెనక్కి అడిగే మొహం మా ఊళ్ళో ఎవరికీ లేదు.

నేను మాత్రం కంచె దగ్గర వదల్లేదు. "ముప్పై ఏళ్ళలో ఒక్కసారి ఒక్క మాట తగ్గించమంటే నీ వల్ల కాలేదు కదయ్యా."

మామూలుగా అయితే ఒకటికి రెండు అనేవాడు. ఈసారి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. మూడు రోజులు రోడ్డు అంచు మీద కూర్చోలేదు. అవతల పొగ లేచింది, చూసేవాడు లేడు. అది నాకు బాగాలేదు. నాలుగోరోజు విహారానికి వెళ్ళి పెద్దస్వామిని నిలదీశాను. వినయంలో, అంటే భిక్షువుల నియమాల్లో, ఒక దారి ఉందన్నారు ఆయన. సంఘానికి అంతకు తక్కువ కానిది ఇంకొకటి ఇచ్చి, దానికి బదులు ఆ డబ్బు తీసుకోవచ్చట.

ఇంటికొచ్చి కంచె మీంచి అరిచాను. "విన్నావా, అంతకు తక్కువ కానిది కావాలట. నీ దగ్గరేముంది, ఆ వంగని మోకాలా?"

మోకాలి మాట నేను అనకుండా ఉండాల్సింది.

అతను తన ఇంటివైపు తిరిగి చూశాడు. రోడ్డు చివర అర రాయి, అంటే ఇరవై సెంట్ల నేల, మీద చెక్క ఇల్లు. మేకులు పాతిన దగ్గర్నుంచి దానికి రేటు పెరిగింది. మర్నాడే కాగితాలు విహారానికి ఇచ్చేశాడు. కమిటీ వాళ్ళు విలువ కట్టిస్తే చెట్ల మీది డబ్బు కంటే ఎక్కువే తేలింది, ఆ డబ్బు మళ్ళీ రోడ్డుకొచ్చింది.

"ఎక్కడుంటావు?" అన్నాను.

"రోడ్డు పడేదాకా ఇక్కడే ఉండమన్నారు. పడ్డాక అక్క దగ్గర. నీకు నా పోరు వదిలిపోతుంది వదినా."

"వదిలితే మంచిదే. ఎప్పుడు పోతావు?"

ఆ మాట అన్నది నేనే. రాయకపోతే అన్యాయం.

పద్నాలుగు నెలలు పట్టింది. మట్టి పోశారు, మట్టి కుంగింది, మళ్ళీ పోశారు. ప్రతి లారీనీ ఖంఫన్ లెక్కపెట్టాడు. ఒన్‌సాకి ఒక కన్ను పోయిందని మధ్యలో కబురొచ్చింది. ఆ వారమంతా అతను లారీల వాళ్ళకి పొద్దున్నే కాఫీ పట్టుకెళ్ళాడు, తొందరగా మొదలుపెడతారని. సిమెంటు ఆరిన రోజు గుడ్డమూట భుజాన వేసుకుని, జిగురన్నం కట్టుకుని బయల్దేరాడు. ఆ అన్నం నేను వండిందే. చిన్నగా కుంటుకుంటూ వెళ్ళాడు. ఒక్కసారి వెనక్కి తిరిగాడు. నేను కోళ్ళకి నూకలు చల్లుతున్నాను.

అవతల జరిగింది లారీ డ్రైవరు చెప్పాడు. ఒన్‌సా మిగిలిన కంటిని ఇతని మొహానికి దగ్గరగా తెచ్చి చూసి, "ఎవరీ ముసలాడు? నా తమ్ముడికి ఇంత వయసు లేదే," అందట. ఇతను ఏదో అనబోతే, "కూర్చోరా, అన్నం ఆరిపోతుంది," అని బుట్ట మూత తీసిందట.

ఖంఫన్ ఇంట్లో ఇప్పుడు చిన్న భిక్షువులు పడుకుంటారు. నెమ్మదైన పిల్లలు, ఎంత గిల్లినా మాటకి మాట అనరు. మా గుమ్మం ముందు రోజంతా మోటారుసైకిళ్ళు. అవతలికి నడిస్తే ఇరవై నిమిషాలట. వదిన రావడం లేదేం అని అతను రెండుసార్లు కబురు పెట్టాడు. పిలిచేవాడు వచ్చి పిలవాలి అని చెప్పి పంపాను. మోకాలి సంగతి నాకు తెలియక కాదు.

పొద్దున గాలి ఇటు వీస్తే బాన్ దోన్ విహారం మైకులో అతని గొంతు వినిపిస్తుంది. అక్కడ కూడా ముందు పలికేది అతనేనట. పాత సిమెంటూ కొత్త సిమెంటూ అతికిన చోట ఒక గీత ఉంది, పీట వేసుకుని అక్కడ కూర్చుంటాను. బండ్లవాళ్ళు హారన్ కొట్టి పక్కనుంచి పోతారు.

పొగ లేచింది, అంటాను. కోళ్ళు నన్ను చుట్టి తిరిగి అవతలికి పోతాయి.