పంతులుగారి ఇంట్లో నా ఎక్స్‌రే

మొన్న పొద్దున, పెద్దమ్మనైన నన్ను ఖాలా అని పిలిచే మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. మస్కట్‌లో టీచరు ఉద్యోగానికి వీసా కావాలంటే రక్తం, కళ్ళు, ఛాతీ ఎక్స్‌రే అన్నీ చూపించుకోవాలంట ఖాలా, పాఠం చెప్పడానికి ఊపిరితిత్తులతో ఏం పనో అని ఒకటే విసుక్కోవడం. సాయంత్రం మళ్ళీ చేసి, అన్నీ బాగున్నాయని రిపోర్టు ఫోనులోకే వచ్చేసిందని సంబరపడిపోయింది. రేపల్లెలో మా వరండాలో కూర్చుని ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నవ్వాగడం లేదు, ఎందుకంటే నా ఊపిరితిత్తులు అంత తేలిగ్గా సముద్రం దాటలేదు మరి.

మాది తెనాలి. మా నాన్న టైలరు, ముందు గదిలోనే మిషను. నేను బి.ఎడ్. పూర్తిచేసి, రేపల్లెలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతూ, రోజూ పాసింజరు రైల్లో వస్తూ పోతూ ఉండేదాన్ని. ఆ రోజుల్లోనే మాల్దీవుల్లో టీచర్లు కావాలని పేపర్లో చూసి, ఇంట్లో చెప్పాపెట్టకుండా దరఖాస్తు పడేశాను. ఉద్యోగం వచ్చింది. ఆడపిల్ల ఒక్కతే నీళ్ళ మధ్యకి పోతుందా అని అమ్మ ముక్కు చీదింది గాని, నాన్న మాత్రం మిషను ఆపకుండానే వెళ్ళనీ అన్నాడు. నా జన్మలో అంతగా కావాలనుకున్నది ఇంకోటి లేదు. ఇక మిగిలింది డాక్టరు సంతకం ఒక్కటే.

దానికోసం బాపట్ల వెళ్ళాం. అక్కడి డాక్టరుగారు నా ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసి, కుడివైపు పైన మచ్చ ఉంది, చిన్నప్పుడు ఏదైనా జబ్బు చేసిందా అని అడిగారు. లేదండి అన్నాను, నాకు తెలిసినంతలో నిజంగానే లేదు. "పాత మచ్చయితే భయం లేదమ్మా. కొత్తదైతే మాత్రం నేను సంతకం పెట్టలేను. పాత ఎక్స్‌రే ఏదైనా ఉంటే పట్టుకురా, పోల్చి చూద్దాం" అన్నారు. తిరుగు రైల్లో నాన్న నా మొహం వైపు చూడకుండా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడు. ఆయనకి అన్నీ తెలుసని నాకప్పుడేం తెలుసు!

ఇంటికొచ్చి చెబితే అమ్మ చేటలో బియ్యం అలాగే వదిలేసి ఏడుపు లంకించుకుంది. నా ఏడో ఏట నాకు క్షయ వచ్చిందట. రోజూ రిక్షాలో తీసుకెళ్ళి పొడిపించిన సూదులు, బలానికని నేను నమ్మినవి, ఆ జబ్బుకేనట. పెళ్ళి కావాల్సిన పిల్ల, రేపు ఎవరు చేసుకుంటారన్న భయంతో అందరికీ నెమ్ము అని చెప్పి, నయమయ్యాక తీసిన ఎక్స్‌రే ఫిల్మును పొయ్యిలో పెట్టబోయిందట. గోడ అవతల నుంచి పక్కింటి పంతులుగారు చూసి, కాల్చకమ్మా, గ్రహణం చూడ్డానికి పనికొస్తుంది, ఇలా ఇవ్వు అన్నారట. ఆయన గుడిలో అర్చకులు, విడుపు కళ్ళారా చూస్తే గాని స్నానానికి లేచేవారు కాదు.

ఓరి నాయనో, ఆ ఫిల్మా! గ్రహణం పట్టినప్పుడల్లా వీధి వీధంతా పంతులుగారి పెరట్లో బారులు తీరేది, ఇప్పుడైతే కంటి డాక్టర్లు తిట్టిపోస్తారు గాని. నేనూ తోసుకుని ముందుకెళ్ళి, ఎవరి ఎముకలో పాపం అనుకుంటూ అందులోంచి సూర్యుణ్ణి చూసినదాన్నే.

ఇప్పుడు దాన్ని తిరిగి అడగడానికి అమ్మకి మొహం చెల్లలేదు. ఎలాగో గోడ దగ్గరికెళ్ళి, నెమ్ము కాదండీ అప్పుడు, అని నసుగుతుంటే పంతులుగారి భార్య, మేం మామ్మగారు అనేవాళ్ళం, అమ్మ మాటని సగంలోనే ఆపేసింది. "చాల్లేవమ్మా, మాకు తెలియదంటావా? పిల్లకి రోజూ గ్లాసెడు పాలు ఎందుకు పంపాననుకున్నావు? మా ఇంట్లోనే కాదు, వీధిలో తెలియనిదెవరికి?" పంతులుగారు ఫిల్మును పాత పంచెలో చుట్టి నా చేతికిస్తూ, పని కాగానే తిరిగి తెచ్చెయ్యి అమ్మాయ్, ముందు గ్రహణాలున్నాయి అన్నారు.

బాపట్ల డాక్టరుగారు మూలన మాసిపోయిన నా పేరును భూతద్దంతో చదివి, రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. మచ్చ రవ్వంత కూడా పెరగలేదు. ఫిల్ము మీద ఈ పసుపు వేళ్ళ ముద్రలేంటమ్మా అని అడిగి, సంగతి విని పడీపడీ నవ్వి సంతకం పెట్టేశారు. నాన్న అక్కడే, అందరి ముందూ, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ నెలలోనే నేను ప్రయాణమయ్యాను, ఆ దీవుల్లో నేను పాఠాలు చెప్పిన రోజులంత హాయైన రోజులు మళ్ళీ రాలేదు.

మా అమ్మ మాత్రం చాన్నాళ్ళు ఒకే సంగతి తలుచుకునేది. నాకు సంబంధాలు చూస్తున్నప్పుడు వచ్చినవాళ్ళల్లా వీధిలో గుమ్మం గుమ్మం ఎక్కి పిల్ల ఎలాంటిదని ఆరా తీసేవారు. అందరికీ తెలిసి కూడా ఒక్క గుమ్మంలోనూ ఒక్కరూ నోరు జారలేదు. పిల్ల బంగారం, కాస్త నోరు పెద్దది అనేవారట, అదీ నిజమే కదా.

ఇప్పుడు మా పిల్ల రిపోర్టు దానికీ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు, అలా ఉండటమే న్యాయం కూడా. దాని ఎదురు ఫ్లాటులో ఎవరుంటారో దానికి తెలియదు, ఇది దేశం దాటి వెళ్తోందని వాళ్ళకీ తెలియదు. నేను వెళ్ళిన రోజున నా ఊపిరితిత్తుల సంగతి తెలిసిన వీధి మొత్తం స్టేషనుకొచ్చి, వేళకి తిను, చలిగాలికి తిరక్కు అని ఒకరి తర్వాత ఒకరు చెప్పి పంపారు. అంత దూరం ఒంటరిగా వెళ్ళానని అందరూ మెచ్చుకుంటారు గాని, నేను ఒంటరిగా వెళ్ళాననిపించదు నాకు.