మోపిదేవి దగ్గర చచ్చినవాణ్ణి లేపే నాటకం

మా అన్నయ్య పోయి ఆర్నెల్లయింది. వదిన కంట ఇంతవరకూ చుక్క నీరు రాలేదు. వండుతుంది, గేదెకు గడ్డి వేస్తుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది, అంతే. ఆమెను చూస్తే నాకు భయం వేసేది. గుడివాడ కాలేజీలో నేను చెప్పేది విషాద నాటకం పాఠం. వేదిక మీద పరాయివాళ్ళ కష్టం చూస్తే మనలో గడ్డకట్టిన జాలీ భయమూ కరుగుతాయని పూర్వం ఒక తత్వవేత్త అన్నాడు. ఏడవని దుఃఖం మనసు అడుక్కి వెళ్ళి దాక్కుంటుందని మనోవిశ్లేషకులు అంటారు. వదిన ఊరి బడి ఆవరణలో ఆదివారం మధ్యాహ్నం పద్యనాటకం అని తెలియగానే, ఇన్నాళ్ళకు నా చదువు ఇంట్లో పనికొస్తుందనుకున్నాను.

ఆదివారం ఉదయం గుడివాడలో పల్లెవెలుగు బస్సెక్కి పామర్రులో దిగాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ డబ్బులక్కర్లేదు. అక్కడ చల్లపల్లి బస్సు పట్టుకుని, చల్లపల్లి నుంచి షేర్ ఆటోలో మోపిదేవి వైపు వెళ్ళాను. దారంతా వరిచేలే. "నాటకానికాండీ?" అన్నాడు డ్రైవరు. "ఏడుపు నాటకమేనండీ. కానీ హీరో మా మావయ్య. ఆ గొంతు వింటే మీరే వదిలిపెట్టరు!"

వదిన మాత్రం గడప దాటనంది. "ఏడాది తిరక్కుండా నాటకాలేంటమ్మా? నలుగురూ నవ్వరూ?"

"నవ్వడానికా వదినా? ఏడవడానికే కదా!" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను.

నాటకం చివర్లో రాజు, అదే ఆటో అబ్బాయి మావయ్య, బాణం తగిలి, భార్య ఒళ్ళో పడి, పద్యం అందుకుని ప్రాణం విడిచాడు. నేను వదిన మొహం వైపే చూస్తున్నాను. ఈలోగా జనం "వన్స్ మోర్!" అని గోల. చోద్యం కాకపోతే, చచ్చిన రాజు లేచి, పంచె దులుపుకుని, రాగం ఇంకాస్త సాగదీసి మళ్ళీ చచ్చాడు! మళ్ళీ వన్స్ మోర్, మళ్ళీ చావు. నా సిద్ధాంతం గంగలో కలిసింది. నా తెలివి ఏడ్చినట్టే ఉందనుకున్నాను.

జనం చల్లబడ్డారు. అప్పుడు వదిన లేచి నిలబడి, "వన్స్ మోర్!" అని గట్టిగా అరిచింది. అందరూ మా వైపు తిరిగారు. అలసిపోయిన రాజు హార్మోనియం ఆయన వంక చూశాడు, లేచాడు, పాడాడు, పడ్డాడు. వెనక నుంచి ఎవరో మళ్ళీ వన్స్ మోర్ అన్నారు.

"చాలండీ," అంది వదిన. "ఇంక లేపకండి. పడుకోనివ్వండి పాపం ఆయన్ని." కూలబడి, నా భుజం తడిసేలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అన్నయ్య కదా.

తట్టుకోలేని దాన్ని మనసు పదేపదే తెచ్చి చూసుకుంటుందని పుస్తకాల్లో ఉంది, నిజమే. కానీ ఎన్నిసార్లు చూసుకోవాలో, ఎప్పుడు చాలు అనాలో నేను చదివిన పుస్తకాల్లో లేదు. అది పోగొట్టుకున్నవాళ్ళే చెప్పాలి. ఆర్నెల్లుగా వదినను ఏడవమని పోరు పెట్టాం తప్ప, అన్నయ్యని ఇంకొక్కసారి చూడాలనుందా అని ఒక్కరం అడగలేదు.

మీరూ ఇలాంటి నాటకానికి వెళ్తే ఒక్కమాట. చావు రంగం కాగానే చల్లపల్లి బస్సు కోసం పరిగెత్తకండి. చీకటి పడేదాకా ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. పక్కన కూర్చున్న మనిషి కొంగుతో మొహం తుడుచుకుని, "పద" అనేదాకా ఆగండి.