నుస్రత్ టీచర్ రాసుకున్న నోటుబుక్కు

మా స్కూల్లో మధ్యాహ్నం టీ కోసం ఆయమ్మ పచ్చి అల్లం దంచుతుంది. ఆ ఘాటు నా గది దాకా వచ్చిందంటే ఆ పూట నా మనసు మనసులో ఉండదు. పిల్లల మనసులు చూసే ఉద్యోగంలో తల పండినదాన్ని, దీనికి పుస్తకాల్లో ఏం పేరుందో కూడా చెప్పగలను. పేరు చెప్పినంత మాత్రాన ఏమీ తగ్గదు. జహీరాబాద్‌లో మా ఆడపిల్లల బడి వెనక అల్లం గోదాము ఉండేది. దాని గోడకు ఆనుకున్న చిన్న గదిలో, విరిగిన బెంచీల మధ్య, శనివారం చివరి పీరియడ్‌లో నుస్రత్ టీచర్ కూర్చునేవారు. నేనివాళ తింటున్న తిండి ఆ గది పెట్టిందే. నేను చేసిన పాడుపని కూడా అక్కడే మొదలైంది.

డెబ్బైల చివర్లో ఆవిడ హైదరాబాద్ నుంచి వచ్చారు. సైకాలజీలో ఎం.ఏ. చేశారు. ప్రతి బడిలో పిల్లల మనసు చూసే మనిషి ఒకరుండాలని, ఆ పని తానే చేయాలని ఆవిడ కోరిక. అలాంటి పోస్టే లేదు కాబట్టి సోషల్ చెప్పడానికి పంపారు. పైవాళ్లకు అర్జీలు పెడుతూనే ఉండేవారు, జవాబు వచ్చేది కాదు. మా హెడ్మాస్టరు అందరి ముందు నవ్వేవాడు. "మనసుకు గూడ టీచర్ కావాల్నా అమ్మా? లెక్కలకే మాస్టరు లేడు, ముందు ఆ సంగతి సూడున్రి." అయినా పట్టు విడవకుండా శనివారం ఆ ఒక్క గంట సంపాదించుకున్నారు.

నాకు నత్తి. తొమ్మిదో తరగతి దాకా క్లాసులో నా పేరు నేను చెప్పుకోలేదు. అనసూయ అనబోతే మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసేది, వెనక బెంచీలు మిగతాది పూర్తి చేసి పకపకా నవ్వేవి. పటేల్ గారి మనవరాలిని కదా అని టీచర్లు కొట్టేవారు కాదు, పలకరించేవారూ కాదు. నుస్రత్ టీచర్ నన్ను ఆ గదిలోకి పిలిచి పేరడిగారు. "జల్దీ ఏం లేదు బేటా. గంట కొట్టినా నేను పోను. నువ్వు చెప్పినంకనే పోత." గంట కొట్టింది. బడి ఖాళీ అయింది. ఆవిడ కదల్లేదు. నేను చెప్పాను. ఆరు నెలలు తిరిగేసరికి క్లాసులో లేచి పాఠం చదివాను. నత్తి పూర్తిగా పోలేదు గానీ భయం పోయింది.

గదిలోకి వచ్చిన ప్రతి పిల్ల గురించీ ఆవిడ ఒక నోటుబుక్కులో ఉర్దూలో రాసుకునేవారు. మాది తెలుగు మీడియం, క్లాసులో ఎవరికీ ఉర్దూ చదవడం రాదు, కుర్ర టీచర్లకూ రాదు. అంతకంటే తాళం అక్కర్లేదనుకున్నారు. నాకేమో ఒకటే దురద, నా గురించి ఏం రాశారని. మెచ్చుకున్నారా, జాలిపడ్డారా? ఒక శనివారం హెడ్మాస్టరు పిలిస్తే ఆవిడ వెళ్లారు. కుర్చీ మీది సంచిలోంచి నోటుబుక్కు తీసి నా పుస్తకాల మధ్య పెట్టుకున్నాను. సోమవారం తిరిగి పెట్టేద్దామనుకున్నాను. దొంగలందరూ అలాగే అనుకుంటారు.

మా తాత నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నాడు. తర్వాత ఇంట్లో అందరివీ తెలుగు చదువులై, ఆయన విద్య మూలన పడింది. ఆదివారం పొద్దున అరుగు మీద ఉన్న ఆయన చేతికి నోటుబుక్కు ఇచ్చి, "నా పేరున్న కాడ ఒక్కటే చదువు తాతా" అన్నాను. నా పేరు ఏ పేజీలో ఉందో నాకేం తెలుసు? ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మొదటి నుంచే మొదలుపెట్టాడు. "అబ్బ! ఏం రాత బిడ్డా, ముత్యాలే!" అని ఒకటే సంబరం. చెవిటి మనిషి, గొంతు పెద్దది. ఒక ముక్క ఉర్దూలో చదవడం, వెంటనే తెలుగులో చెప్పడం. అరుగు మీద ఇంకో నలుగురున్నారు. చెరకు బండ్ల మాట మాట్లాడటానికి వచ్చిన చిరాగ్‌పల్లి బసప్ప వాళ్లలో ఒకడు.

"శివలీల. తొమ్మిదో తరగతి," తాత చదివాడు. "బడికొచ్చినప్పుడు నీళ్లు తాగదంట. తండ్రి గొంతు లేస్తే చాలు, పక్క తడుపుతదంట. గింత పెద్ద పిల్లైనంక గూడ..."

శివలీల బసప్ప కూతురు. ఆ సంగతి తాతకు తెలియదు, నాకు తెలుసు. ఆపమని చెప్పబోతే గొంతు పట్టేసింది. బసప్ప లేచాడు. "నా బిడ్డ ముచ్చట గూడ పుస్తకాలకెక్కిందా పటేలా?" అని చెప్పులేసుకుని పోయాడు. తాత నా పేజీ దాకా రానే లేదు.

సోమవారం శివలీల బడికి రాలేదు, బసప్ప వచ్చాడు. హెడ్మాస్టరు నుస్రత్ టీచర్‌ను మా క్లాసు గుమ్మంలో నిలబెట్టి అడిగాడు. "ఇంటింటి గుట్టు రాసుకునే నౌకరి మీకెవరిచ్చిన్రు? ఆ పుస్తకం పటేల్ ఇంటికెట్ల పోయింది?"

ఆవిడ నావైపు చూశారు. నోటుబుక్కు ఇంకా నా సంచిలోనే ఉంది. ఆ రోజు నాకు మాట రాలేదని చెప్పుకుంటే అబద్ధం. వచ్చేది. నేనే రానివ్వలేదు. నత్తి పిల్ల కదా అని ఎవరూ నా మాట కోసం ఎదురుచూడలేదు కూడా. ఆవిడ ఎదురుచూశారు. తర్వాత హెడ్మాస్టరు వైపు తిరిగి, "నేనే ఇచ్చిన సార్. తప్పు నాదే" అన్నారు.

శనివారం గంట ఆగిపోయింది. ఏడాది చివర ఆవిడను బదిలీ చేశారు. శివలీలను మళ్లీ బడికి పంపలేదు, చెరకు పనికి పెట్టారు.

ఎనభైల మధ్యలో నాకు సైకాలజీ ఎం.ఏ.లో సీటొచ్చింది. మిఠాయి డబ్బా పట్టుకుని హైదరాబాద్‌లో ఆవిడ ఇంటికి వెళ్లాను. ఇంకో బడిలో ఇంకా సోషలే చెబుతున్నారు. "మీ లెక్కనే కావాలని టీచర్" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"శివలీల కాడికి ఎన్నడన్న పోయినవా?"

"లేదు టీచర్."

"నేను మూడుసార్లు పోయిన. తలుపు తియ్యలే. నన్ను చూస్తే వాళ్లకు ఆ పుస్తకమే యాదికొస్తది గద. నువ్వు దాని క్లాస్ పిల్లవు, నీకైతే తీస్తుండె. ముందుగాల ఆడికి పో. ఆ పుస్తకం తీసింది నేనే అని చెప్పు. చదువు యాడికి పోదు."

మిఠాయి ముట్టలేదు. నాకు ఒళ్లు మండింది. దీవెన కోసం వెళితే తిట్టి పంపిందనుకున్నాను. ఆ కోపాన్ని ఏళ్ల తరబడి పాలుపోసి పెంచాను. చిరాగ్‌పల్లి వెళ్లకపోవడానికి అంతకంటే మంచి సాకు దొరకదు కదా. ఆవిడ పోయారన్న సంగతి కూడా ఎవరో చెబితే తెలిసింది.

ఆవిడ కోరుకున్న ఉద్యోగం నాకు దక్కింది. గదికి బోర్డుంది, బీరువాకు తాళం ఉంది. నేను రాసుకునే కాగితాల్లో ఏ పిల్ల పేరూ ఉండదు. కొత్తగా వచ్చినవాళ్లకూ అదే నేర్పుతాను, ఎంత జాగ్రత్తో అని నన్ను మెచ్చుకుంటారు. ఎదురుగా కూర్చున్న పిల్ల "ఎవరికీ చెప్పరు కదా మేడం?" అని అడుగుతుంది. చెప్పనంటాను, నమ్ముతుంది. మా ఆడపడుచు వాళ్లది హుమ్నాబాద్. ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళతాను. దారిలో చిరాగ్‌పల్లి వస్తుంది, బస్సు ఆగుతుంది. శివలీల అక్కడే ఉందని, మనవలు కూడా ఉన్నారని విన్నాను. ఇద్దరో ముగ్గురో దిగుతారు. నేనింతవరకు దిగలేదు.