బ్రదర్ గారి జొన్న బీరు

"అత్తయ్యా, నూనె పోసే ఈ బీరు సీసా పారేద్దామండీ. చుట్టాలొస్తే ఏమనుకుంటారు?"

"అనుకోనీ. నువ్వు కొన్న ప్లాస్టిక్ డబ్బా ఏడాది తిరక్కుండానే పగిలింది. ఇది పగిలిందా?"

"మూత చూడండి, తీస్తే తుపాకీ పేలినట్టు!"

కోడలు పింగాణీ మూత తీగ లాగింది. ఠప్పుమంది. వచ్చింది నువ్వుల నూనె వాసనే. నా ముక్కుకి మాత్రం వేయించిన జొన్నల వాసన తగిలింది.

డెబ్భైల్లో తిరువూరు చివర మిషన్ బంగళాలో నేను వంటమనిషిని. మా ఆయన కోటయ్యది అక్కడే తోటపని. మమ్మల్ని పనిలో పెట్టుకున్నది పౌలు బ్రదర్ గారు. బెల్జియంలో ఒక మఠంలో సన్యాసిగా ఉండి ఇక్కడికి వచ్చినాయన. పుస్తకం చదివినట్టు తెలుగు మాట్లాడేవారు. బడికి నాలుగు రోజులు పోయి మానేసిన నాకు, తెలియనిది అడగడం తప్పు కాదని నేర్పింది ఆయనే. ఏమడిగినా "మంచి ప్రశ్న" అని, చేస్తున్న పని ఆపి మరీ చెప్పేవారు.

ఒక చలికాలం దగ్గర్లోని వినగడప ఊరి నుంచి జొన్నలు తెప్పించి నానబెట్టారు. తడిగుడ్డ కింద మొలకలొచ్చాక ఎండబెట్టి, నన్ను దోరగా వేయించమన్నారు. తిరగలిలో పగలగొట్టి వేడినీళ్లలో వేస్తే తియ్యటి నీళ్లు దిగాయి. పిప్పి పారబోయనిచ్చానా, గేదెకు పెట్టాను. ఆ నీళ్లలో, వాళ్ల దేశం నుంచి పార్సిల్లో వచ్చిన ఎండుపువ్వులు వేసి కాస్తుంటే అడిగాను.

"ఏంటండీ ఇది, కషాయమా?"

"బీరు. మా మఠంలో సన్యాసులే కాచుకుంటారు."

గరిటె కింద పెట్టేశాను. సారా ముట్టనని మా ఆయన నా తల మీద చెయ్యేసి ఒట్టుపెట్టి ఎంతో కాలం కాలేదు.

"దేవుడి మనుషులు తాగుతారా?"

"తాగుతాం. పగలంతా పొలం పని, ప్రార్థన. భోజనంతో ఒక గ్లాసు."

"ఒక గ్లాసుతో ఎవరాగుతారండీ? మా ఇంట్లో చూశానుగా!"

"మంచి ప్రశ్న," అన్నారు. ఆ ఒక్కసారే జవాబు చెప్పలేదు.

అది పులిశాక సీసాల్లో నింపి తడి ఇసుకలో పాతారు, కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం తీశారు. నాకు కోపం పోలేదు, చూడకుండా ఉండనూ లేను. మూత తీస్తే నురగ గ్లాసు అంచు దాకా లేచి ఆగింది. ఆయన వెలుతురుకి పట్టి రంగు చూశారు, వాసన చూశారు, రొట్టె కొరికి అప్పుడు ఒక గుక్క తాగారు. మా వాళ్లు సారా నాలుకకు తగలకుండా గొంతులో పోసుకుంటారు. ఈయన ఒక్కో గుక్కా నమిలినట్టు తాగారు.

"ఎలా ఉందండీ?" ఉండబట్టలేక అడిగాను.

"మా ఊరి చేదు, మీ ఊరి తీపి," అని నవ్వి ఒక చెంచాడు నాకిచ్చారు. ముందు వేపపువ్వంత చేదు, ఆ వెనక పేలాల వాసన. బాగుంది. ఆ మాట పైకి అనలేదు. గ్లాసు ఖాళీ కాగానే ఆయనే కడిగి బోర్లించారు.

గుమ్మంలో మా ఆయన. "బ్రదర్ గారూ, నాకూ ఒక గుక్క పొయ్యండి. వాసనే చంపేస్తోంది."

"పొయ్యను కోటయ్యా. గ్లాసు ఖాళీ అయితే నాకు భోజనం అయిపోయినట్టు. నీకు అప్పుడే మొదలవుతుంది."

నా ప్రశ్నకు జవాబు అదేనని అర్థమైంది.

"నా మీద అంతే నమ్మకమన్నమాట!" మా ఆయన పార విసిరికొట్టి, బజారు వైపు పోయాడు. సారా దుకాణం అటే. దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాడు. నోటి దగ్గర వాసన చూశాను. ఏమీ లేదు. అన్నం మాత్రం ముట్టలేదు.

తెల్లారి బ్రదర్ గారు మిగిలిన సీసాలన్నీ వరిగడ్డిలో చుట్టి గంపలో పేర్చారు.

"కోటయ్యా, ఇవి విజయవాడ బస్సెక్కించిరా. అక్కడ ఫాదర్లు దించుకుంటారు. ఒక్కడివే వెళ్లు."

నేను నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపారు. మా ఆయన గంప నెత్తికెత్తుకుని వెళ్లాడు. పొద్దెక్కకముందే ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. "కండక్టరు కాళ్ల దగ్గర పెట్టించానండీ, పగలకుండా," అని పార అందుకున్నాడు. నేను ముందురోజు ఖాళీ అయిన సీసా కడిగి, ఎండబెట్టి, నూనె పోసుకున్నాను.