కాలు అందని బండి

త్రిమూర్తులు ముప్పై ఏళ్లకు పైగా రైళ్లు నడిపాడు. వెనకాల పెట్టెల్లో వెయ్యిమంది నిద్రపోతుంటే కాజీపేట దాటించి బల్లార్షా దాకా తీసుకెళ్లి, ఒక్కరికీ మెలకువ రాకుండా ఆపేవాడు. బండిని మెత్తగా ఆపడంలో మౌలాలి షెడ్డులో ఆయన తర్వాతే ఎవరైనా. అలాంటి మనిషి రిటైరయ్యాక ఒక మోటారుసైకిలు కొని, దాన్ని ఆపలేక ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా పోయాడంటే, విని నవ్వుకున్నవాళ్ల తప్పేమీ లేదు.

ఆయనది రాజమండ్రి దగ్గర కడియం. ఉద్యోగం కోసం వచ్చి నాచారంలో ఇల్లు కట్టుకున్నాడు. మనిషి పొట్టి. అయిదడుగుల రెండంగుళాలని రైల్వే మెడికల్ కార్డులో ఉండేది గానీ, ఆ రెండంగుళాల్లో ఒకటి డాక్టరుగారి దయ అని భార్య తారామణి అనేది. ఇంజన్ నడిపేవాడికి పొడుగుతో పనిలేదు. రైలు ఆగినప్పుడు కాలు కింద పెట్టాల్సిన అవసరం ఏ డ్రైవరుకూ రాలేదు.

పెద్ద బండి మీద కోరిక ఆయనకు రైల్లోనే పుట్టింది. లెవెల్ క్రాసింగుల దగ్గర గేటు అవతల కుర్రాళ్లు పెద్ద పెద్ద బళ్ల మీద, అటూ ఇటూ పెట్టెలు బిగించుకుని, గుడారాలు కట్టుకుని నిలబడి చెయ్యి ఊపేవాళ్లు. గేటు తీస్తే వాళ్లు ఎటు కావాలంటే అటు పోతారు. తను మాత్రం పట్టాలు ఎటుంటే అటే. రిటైరైన నెలలోనే, కొత్తగా వచ్చిన అలాంటి పెద్ద అడ్వెంచర్ బండి ఒకదాని మీద ఆయన మనసు పడింది.

కొనేముందు నలుగురినీ అడగాలి కదా. పక్కింటి మహిపాల్ ఆయన్ని ఒక ఆదివారం పొద్దున నాచారం చౌరస్తా దగ్గరి ఇరానీ హోటల్‌కి తీసుకెళ్లాడు. మహిపాల్ నాచారం పారిశ్రామికవాడలో ఫోర్‌మన్, ఆరడుగుల మనిషి. వారంవారం అక్కడ చేరే రైడర్లంతా అతని స్నేహితులే. వాళ్లలో పీర్జాదిగూడలో జిమ్ నడిపే ఉపేందర్‌కీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే హృషికేశ్‌కీ ఆ రకం బళ్లే ఉన్నాయి.

"గది బండి కాదు సార్, సోఫా," అన్నాడు ఉపేందర్. "గుంత కండ్లకు కనవడ్తది గానీ నడుముకు తెల్వది. కండ్లు మూస్కొని తీస్కోన్రి."

"అన్నీ బండే చూసుకుంటుంది అంకుల్. మనం జస్ట్ కూర్చోవాలి, అంతే," అన్నాడు హృషికేశ్.

"మరి బరువు?"

"కదిలినంక బరువే తెల్వది సార్!" అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో.

ఈ మాట త్రిమూర్తులుకి బాగా నచ్చింది. రైలూ అంతే. కదలకముందు సంగతేమిటని అడగాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు.

"మంచిగనే ఉంది గానీ సార్, జర ఎత్తుంది," అని మహిపాల్ ఒక్కడే నసిగాడు.

"ఎత్తుంటేనే కదయ్యా దూరం కనపడేది!"

షోరూములో బండి నిటారుగా పెద్ద స్టాండు మీద ఉంది. త్రిమూర్తులు ఫుట్‌రెస్టు మీద కాలు వేసి ఎక్కి కూర్చున్నాడు. ఎదురుగా అద్దం, అద్దం మీంచి రోడ్డు, ఆ చివర ఉప్పల్ మెట్రో స్తంభాలు. అచ్చం ఇంజన్ క్యాబిన్లో కూర్చున్నట్టే ఉంది. "ఇదే," అన్నాడు. కాళ్లు ఎక్కడున్నాయో చూసుకోలేదు.

బండిని షోరూము మనిషే నడిపి ఇంటికి తెచ్చాడు. తారామణి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతిచ్చి, ఒకసారి కిందినుంచి పైదాకా చూసి, "మెట్లు విడిగా కొనుక్కోవాలా అండీ?" అంది.

మర్నాడు పొద్దున త్రిమూర్తులు బండిని స్టాండు మీంచి దించాడు. ఎడమకాలి బొటనవేలు నేలకి తగిలింది. కుడికాలు గాల్లో వేలాడింది. బండి మెల్లగా ఒరిగి, ప్రహరీగోడ అడ్డంగా ఉండబట్టి సరిపోయింది గానీ, దానికీ గోడకీ మధ్య ఆయన ఇరుక్కుపోయాడు. తారామణి కాఫీ గ్లాసుతో బయటికొచ్చింది.

"ఏంటండీ, గోడకి చెవి పెట్టి మరీ వింటున్నారు? వాళ్లింట్లో ఏమైనా గొడవా?"

"ఇస్త్రీ అబ్బాయిని పిలువు," అన్నాడాయన, గోడకేసే చూస్తూ.

ఇస్త్రీ బండి అతనూ తారామణీ కలిసి లాగితే బండి నిలబడింది. దాని మీద ముసుగు పడింది. తర్వాత చాలా రోజులపాటు ఆయన ముసుగు తీసి తుడవడం, మళ్లీ కప్పడమే. కానీ ఆదివారం హోటల్‌కి వెళితే అభిప్రాయం అడుగుతారే! ఆయన ఫోన్లో చూసిన రివ్యూల్లోంచి ఒకటీ అరా తీసి చెప్పేవాడు. "హైవే మీద వెన్నే అనుకో." "సిటీలో కొంచెం వేడి." వింటున్నవాళ్లు తలలూపేవాళ్లు. వాళ్లు తలూపేకొద్దీ ఆయన ఇంకాస్త కలిపేవాడు. చివరికి ఉపేందర్, "వచ్చే ఐతారం భువనగిరి పోదాం. సార్ ముంగట, మేం ఎన్క. పొద్దుగాల్ల ఘట్‌కేసర్ హోటల్ కాడ కలుసుడు," అని తీర్మానించేశాడు.

ఆ సాయంత్రం త్రిమూర్తులు మహిపాల్ ఇంటికి వెళ్లి, సంగతంతా చెప్పేశాడు. మహిపాల్ చాయ్ అయిపోయేదాకా నవ్వు ఆపుకుని, గ్లాసు కిందపెట్టి తనివితీరా నవ్వాడు.

"గింతేనా సార్! నేను ఎన్క కూసుంట. ఆగినకాడల్లా దిగి పట్టుకుంట. నా కాళ్లే మీ కాళ్లనుకోన్రి. ఘట్‌కేసర్ మూల మలుపు కాడ దిగిపోత, ఎవ్వరికి తెల్వది."

ఆదివారం నాచారం నుంచి ఉప్పల్ దాకా ఈ ఏర్పాటు దివ్యంగా నడిచింది. బండి ఆగబోతుండగానే మహిపాల్ దూకి వెనక నుంచి పట్టుకునేవాడు, కదలబోతుండగా ఎక్కేవాడు. ఇద్దరికీ కలిపి నాలుగు కాళ్లు, అందులో పనికొచ్చేవి రెండు. ఉప్పల్ చౌరస్తాలో ఎర్ర లైటు పడింది. మహిపాల్ దిగి పట్టుకున్నాడు. పచ్చ లైటు పడగానే వెనకున్న లారీ చెవులు పగిలేలా హారన్ కొట్టింది. త్రిమూర్తులు ఉలిక్కిపడి క్లచ్ వదిలాడు. బండి వెళ్లిపోయింది.

"చూశావా మహిపాల్, ఎంత మెత్తగా లాగిందో!" అన్నాడు.

జవాబు లేదు. మెచ్చుకోలుతో మాట రావడం లేదు కాబోలు అనుకున్నాడు. బోడుప్పల్ వచ్చేదాకా ఆయన బల్లార్షా లైను గురించి చెబుతూనే ఉన్నాడు. "ఏం, మాట్లాడవేం?" అని అద్దంలోకి చూస్తే, ఇందాక మహిపాల్ భుజం ఉన్నచోట ఖాళీ రోడ్డు కనిపించింది.

జేబులో ఫోను మోగడం మొదలుపెట్టింది. ఎత్తాలంటే ఆగాలి. ఆగాలంటే కాళ్లుండాలి. నెమ్మదిగా పోవడం వరకూ ఫరవాలేదనుకుంటూ ఫ్లైఓవర్ స్తంభాల పక్కనుంచి, గుంతలు తప్పించుకుంటూ పోతున్నాడు. పీర్జాదిగూడ దగ్గర సిగ్నల్ ఎర్రబడింది.

పక్కనుంచి ఇద్దరు ముగ్గురు ఆగకుండానే దూసుకుపోయారు. ఆయన వల్ల కాలేదు. సర్వీసు మొత్తంలో ఒక్క ఎర్ర సిగ్నల్ దాటినవాడు కాదు. రైల్వేలో అంతకు మించిన పాపం లేదు. పడితే పడదాం గానీ దాటొద్దు అనుకున్నాడు. ఎడమపక్క ఆర్టీసీ బస్సు ఆగి ఉంది. గేరు న్యూట్రల్లోకి తెచ్చి, బస్సు పక్కకి చేరి, ఆగీ ఆగగానే చటుక్కున కిటికీ ఊచ పట్టుకున్నాడు.

కిటికీ పక్కన కరివేపాకు మూట ఒళ్లో పెట్టుకుని ఒక ముసలమ్మ కూర్చునుంది. "ఏమైంది బిడ్డా?"

"ఏం లేదమ్మా, కాలు అందదు. లైటు మారేదాకా కాస్త పట్టుకోనివ్వండి."

ఆమె మరో మాట అడక్కుండా రెండు చేతులతో ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది. వెనక సీట్లోంచి ఒకాయన తల బయటపెట్టాడు.

"సార్, మైలేజ్ ఎంతిస్తది?"

"ఇరవై."

"గంతేనా! మరి గింత ముద్దుగెందుకు తిప్పుతున్నరు?"

"ఓ సారూ, బస్సు పట్టుకొని వస్తే టికెట్ దీస్కోవాలె," అని కండక్టరమ్మ లోపల్నుంచి కేకేసింది. బస్సంతా నవ్వింది. లైటు మారింది. "ఇడుస్తున్న బిడ్డా, పైలం," అని ముసలమ్మ చెయ్యి వదిలింది.

అక్కణ్నుంచి ఆపాల్సిన పని పడలేదు. ముఖానికి గాలి తగులుతుంటే, భయం ఉన్నచోటే ఉండగా ఆయనకు సంతోషం కూడా కలిగింది. చిత్రంగా రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు.

ఘట్‌కేసర్ హోటల్ ముందు ఎత్తరుగు ఉంటుంది, దానిమీద కాలు పెడదామని ఆయన పథకం. తీరా చూస్తే అరుగు పొడుగునా మనవాళ్ల బళ్లే. ఉపేందర్ వాళ్లు ఫోన్లు పట్టుకుని వీడియో తీస్తున్నారు. ఆయన ఆగకుండా వెళ్లిపోయాడు. చుట్టూ తిరిగి మళ్లీ వచ్చాడు. మళ్లీ వెళ్లిపోయాడు. సార్ విన్యాసాలు చూపిస్తున్నాడనుకుని ఉపేందర్ ఈల వేశాడు. ఇక లాభం లేదని ఈసారి వాళ్ల ముందుకే వచ్చి, గ్లాసులో చాయ్ కూడా తొణకనంత మెత్తగా ఆపాడు. ఆపడం మాత్రం అద్భుతంగా ఆపాడు. పడటం ఆ తర్వాత జరిగింది.

దెబ్బలేం తగల్లేదు. బండి ఇనుప గార్డు మీద పడుకుంది, ఆయన పక్కనే నిలబడ్డాడు. నలుగురూ బండిని లేపాక అన్నాడు: "నాకు కాలు అందదు బాబూ. దీన్ని నడపడం ఇవాళే మొదలు. ఇన్నాళ్లూ మీకు చెప్పిందంతా ఫోన్లో విన్నదే."

ఉపేందర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సార్, నాది సుత రెండుమాట్ల పడ్డది. ఒకసారి మా అత్తగారింటి ముంగటనే. బావమర్దులు లేపిన్రు."

"బేస్‌మెంట్‌లో తిప్పలేక నేను రోజూ వాచ్‌మన్‌ని పిలుస్తా అంకుల్," అన్నాడు హృషికేశ్. "ట్రాఫిక్‌లో అయితే తొడలు కాలిపోతాయి."

"మరి ఆ రోజు ఒక్కరూ చెప్పలేదేం?"

"మీరు బండి గురించి అడిగిన్రు సార్, మా గురించి అడగలే గదా!"

అంతలో షేర్ ఆటో ఒకటి వచ్చి ఆగింది. కూరగాయలమ్మే ఇద్దరు ఆడవాళ్ల మధ్యనుంచి, తలమీద హెల్మెట్ తియ్యకుండానే మహిపాల్ దిగాడు.

"నన్ను చౌరస్తల ఇడిశిపెట్టి పోతరా సార్! రెండు చేతులు గిట్ల సాపి నడిరోడ్డు మీద నిలవడ్డ. ట్రాఫిక్ సారు వచ్చి, 'బండేదిరా?' అంటుండు. ఏం జెప్పాలె?"

ఆ వారమే త్రిమూర్తులు ఉప్పల్‌లో సీట్లు కుట్టేవాడి దగ్గర సీటులోని ఫోమ్ కోయించాడు, మెకానిక్ చేత బండిని కిందికి దింపించాడు, లావు అట్టల బూట్లు చేయించుకున్నాడు. "ఇవేవో పెళ్లినాడు వేసుకోవాల్సింది," అంది తారామణి. ఇప్పుడు రెండు కాళ్ల మునివేళ్లూ నేలకి అందుతున్నాయి. సైనిక్‌పురి సందులో ఇంకోసారి పడ్డాడు గానీ, దాన్ని ఆయనే అందరికంటే ముందు హోటల్లో చెప్పాడు. కొత్తగా ఎవరైనా బండి గురించి అడిగితే, "ముందు లేచి నిలబడు బాబూ, నీ కాళ్లు చూడనీ," అంటున్నాడు.

మొన్న ఆయన తారామణిని వెనక ఎక్కించుకుని నాగార్జునసాగర్ వెళ్లొచ్చాడు. ఆదివారం హోటల్ ముందు బండి దిగుతుంటే ఉపేందర్ ఆమెను కూడా వదల్లేదు. "అమ్మా, బండెట్లుంది?"

తారామణి చీర సర్దుకుని, కాస్త ఆలోచించి చెప్పింది.

"వెనక సీటు చాలా బాగుంది నాయనా. ఈయన తల అడ్డం రాదు."